పెద్ద సర్వర్ కొంటే తీరే కష్టం కాదిది

వరంగల్ ఎనుమాముల చుట్టుపక్కల ఏ ఇంటర్నెట్ సెంటర్‌లోనైనా, ఏ పథకానికైనా సరే, గడువు ముగిసే రోజున వినిపించే మాట ఒక్కటే: “సర్వర్ బిజీ వస్తుంది, రాత్రికి రాండ్రి.” పట్టా పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ పట్టుకొని వచ్చిన మనిషి ఆ మాటకు ఎదురు చెప్పడు. చెప్పిన కుర్రాడూ దాన్ని నిజమనే నమ్ముతాడు. పోర్టల్ తయారుచేసిన కంపెనీ అదే చెబుతుంది. శాఖ అధికారి విలేకరులతో అదే అంటాడు. మర్నాడు పేపర్లో అదే వస్తుంది: రద్దీ పెరిగింది, సర్వర్ సామర్థ్యం చాలలేదు, పెంచే ఏర్పాట్లు జరుగుతున్నాయి.

ఇంతమంది ఒక్క గొంతుతో చెప్పే ఈ మాట తప్పు. దరఖాస్తుతోపాటు పంపే పత్రాల ఫొటోలు ఆగిపోతున్నది సర్వర్ చిన్నదై కాదు, వాటిని అందుకునే పద్ధతి తప్పుగా ఉన్నందువల్ల. ఆ పద్ధతి మార్చకుండా పది రెట్ల సర్వర్ తెచ్చిపెట్టినా గడువు రోజున అదే సందేశం వస్తుంది. ప్రజల డబ్బు యంత్రాల మీద పోతుంది, ప్రజల రోజు సెంటర్ ముందు నిలబడి పోతుంది. అందుకే ఈ వాదనను మర్యాద కోసమైనా ఒప్పుకోకూడదు.

లెక్క కష్టమైనదేం కాదు. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌తో తీసిన ఫొటో 3 నుంచి 5 ఎంబీ దాకా ఉంటుంది. 4 ఎంబీ అనుకుందాం. ఒక్కో బైటుకు 8 బిట్లు కాబట్టి అది 32 మెగాబిట్లు. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట ఫోన్ నుంచి పైకి పోయే వేగం అర ఎంబీపీఎస్ (సెకనుకు అర మెగాబిట్) ఉంటే ఆ ఒక్క ఫొటో చేరడానికి 64 సెకన్లు పడుతుంది. ఇప్పుడు అవతలి వైపు చూడాలి. పాత ప్రీఫోర్క్ పద్ధతిలో నడిచే అపాచీ వెబ్ సర్వర్, దాని అమరికలను ఎవరూ ముట్టుకోకపోతే, ఒకేసారి 256 మందిని మాత్రమే చూస్తుంది. అందులో ఉండే 256 వర్కర్లూ, అంటే ఒక్కో కనెక్షన్‌ను చూసుకునే ప్రాసెస్‌లు, తలా ఒక ఫోనుకు అంటిపెట్టుకొని 64 సెకన్లు కూర్చుంటే సెకనుకు పూర్తయ్యే ఫొటోలు నాలుగే. ఐదో మనిషికి ‘సర్వర్ బిజీ’.

ఆ 64 సెకన్లలో వర్కర్ చేసే పనేమిటి? తరవాతి బైట్లు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూడడం. అంతే. ఆ సమయంలో ప్రాసెసర్ మీద భారం ఎంతుందో తీసి చూస్తే చాలావరకు ఖాళీగా కనబడుతుంది. ‘బిజీ’ అని చెబుతున్న యంత్రం నిజానికి పని లేక కూర్చుంది. ఈ ఒక్క అంకెను గడువు రోజున బయటపెట్టమని శాఖలను అడిగితే సామర్థ్యం వాదన చాలాచోట్ల అక్కడికక్కడే తేలిపోతుంది.

సర్వర్లను రెట్టింపు చేస్తే సెకనుకు ఎనిమిది ఫొటోలు. పది రెట్లు చేస్తే నలభై. అలా కాకుండా ఉన్న యంత్రాన్నే ఉంచి, ఫొటో మొత్తం ఇంకోచోట చేరాకే వర్కర్‌కు కబురు వెళ్లేలా చేశారనుకోండి. అప్పుడు వర్కర్‌కు మిగిలేది దరఖాస్తు నంబరు సరిచూడడం, డేటాబేసులో ఒక వరుస రాయడం. దానికి 50 మిల్లీసెకన్లు పట్టినా అవే 256 వర్కర్లు సెకనుకు 5,120 దరఖాస్తులు ముగించగలవు. డేటాబేసు అంత తట్టుకోదు అంటారా, అందులో పావు వంతే తీసుకుందాం. 1,280 అవుతుంది. నలభైకీ దానికీ మధ్య ఉన్న తేడాను ఏ టెండరూ కొనిపెట్టలేదు.

ఇది ఎవరికీ తెలియని రహస్యం కూడా కాదు. ఒకే యంత్రం మీద పదివేల కనెక్షన్లను ఎలా మోయాలన్న ప్రశ్నను డ్యాన్ కెగెల్ ‘సీ10కే సమస్య’ పేరుతో 1999లోనే చర్చకు పెట్టాడు. రష్యా ఇంజినీరు ఇగోర్ సిసోయెవ్ 2004లో విడుదల చేసిన ఎంజిన్ఎక్స్ సర్వర్ పుట్టిందే దానికి జవాబుగా. ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో వర్కర్‌ను కట్టేయకుండా, వేల నెమ్మది ఫోన్లను కొద్దిపాటి ప్రాసెస్‌లతోనే చూసుకుంటుంది. వచ్చిన బైట్లను తన దగ్గర పోగుచేసుకొని, ఫైలు పూర్తిగా అందాకే వెనకున్న అప్లికేషన్‌కు ఇస్తుంది. ఆ గుణం దానికి సహజంగానే ఉంది, ప్రత్యేకంగా ఎవరూ ఆన్ చేయనక్కర్లేదు. డబ్బు కట్టనక్కర్లేదు.

మరి పోర్టళ్లలో ‘పెద్ద ఫైళ్లకు ఏర్పాట్లు చేశాం’ అంటే ఏం చేస్తున్నారు? ఎంజిన్ఎక్స్‌లో మామూలుగా 1 ఎంబీగా ఉండే పరిమితిని 50కో 100కో మారుస్తారు. పీహెచ్‌పీలో 2 ఎంబీగా ఉండే పరిమితిని కూడా అలాగే పెంచుతారు. రెండు లైన్లు. ఫైలును తిప్పికొట్టే 413 అనే తప్పు సందేశం ఆగిపోతుంది, పని అయిపోయిందనుకుంటారు. బైట్లను ముందే పోగుచేసే ఏర్పాటు లేనిచోట దానివల్ల నిజంగా జరిగేది ఇంకా పెద్ద ఫైళ్లు ఇంకా ఎక్కువసేపు అవే వర్కర్లను పట్టుకొని వేలాడడం.

ఇక్కడ మనసుకు కష్టం కలిగించే విషయం ఒకటుంది. 2009లో రాబర్ట్ హాన్సన్ అనే భద్రతా నిపుణుడు స్లోలోరిస్ అనే దాడి సాధనాన్ని బయటపెట్టాడు. ఒక సర్వర్‌ను పడగొట్టడానికి వేల కంప్యూటర్లు అక్కర్లేదని, ఒక్క కంప్యూటర్ నుంచి కొన్ని వందల కనెక్షన్లు తెరిచి, వాటి మీద అతి నెమ్మదిగా కొద్దికొద్దిగా పంపుతూ ఉంటే చాలని అది చూపించింది. ఫారం సమాచారాన్ని నెమ్మదిగా పంపి ఇదే పని చేసే దాడులూ తరవాత వచ్చాయి. ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో వర్కర్‌ను కట్టేసే సర్వర్ కళ్లతో చూస్తే, సిగ్నల్ సరిగ్గా లేని ఊళ్లో తన పాసుపుస్తకం ఫొటో పంపుతున్న రైతుకూ ఆ దాడి చేసేవాడికీ తేడా కనబడదు. దాడులను ఆపాలని టైమౌట్లు బిగిస్తారు. ఆ బిగింపుకు మొదట తెగేది రైతు కనెక్షనే. మంచి ఫైబర్ నెట్ ఉన్న నగరవాసి క్షణాల్లో పని ముగించుకుంటాడు, అతనికి ఆ టైమౌట్ ఉన్నట్టే తెలియదు. ఒక ప్రభుత్వ పోర్టల్ ఎవరికోసం పెట్టారో వాళ్లనే ఏరి బయటికి నెట్టడం దీనికన్నా ఘోరంగా ఎలా జరుగుతుంది?

తెగిన తరవాత జరిగేది ఇంకో నష్టం. 4 ఎంబీలో 3.6 ఎంబీ వెళ్లాక కనెక్షన్ పోయిందనుకుందాం. మామూలు ఫారంలో ఆ 3.6 ఎంబీ మొత్తం గాలికి పోతుంది, మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. మూడుసార్లు అలా తెగి నాలుగోసారికి వెళ్తే 4 ఎంబీ ఫొటో కోసం నెట్ మీద నడిచింది 14.8 ఎంబీ. అందులో 10.8 ఎంబీ, అంటే నాలుగింట మూడు వంతులకు దగ్గరగా, పారేసిందే. రద్దీ అని దేన్ని అంటున్నారో అందులో పెద్ద భాగం ఈ పారేసిన ప్రయాణాలే. పోర్టల్ తనకు తానే తయారుచేసుకున్న రద్దీకి జనాన్ని నిందిస్తోంది.

బ్రౌజర్ నుంచి ఫైలు పంపే ఈ ఫారం పద్ధతి వయసు ముప్పై ఏళ్లు. 1995 నవంబరులో జిరాక్స్ సంస్థకు చెందిన ల్యారీ మాసింటర్, అర్నెస్టో నెబెల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1867 అనే సాంకేతిక పత్రంతో అది మొదలైంది. ఫారంలోని గడులతోపాటు ఫైలునూ ఒకే మూటగా, ఒకే విడతలో పంపాలన్నది దాని ఏర్పాటు. ఆ రోజులకు అది సరిపోయింది, తప్పు పట్టడానికి లేదు. అయితే తెగినచోటి నుంచి మళ్లీ అందుకోవాలన్న ఆలోచన అంతకన్నా పాతది. ఫైళ్లు పంపుకోవడానికి 1985లో వచ్చిన ఎఫ్‌టీపీ ప్రమాణంలోనే దానికోసం ఒక ఆదేశం ఉంది. వెబ్ పుట్టకముందే ఉన్న వసతి వెబ్ ఫారంలోకి రాలేదు.

వెబ్‌లోకి అది వేరే దారుల్లో తరవాత వచ్చింది. అమెజాన్ 2006లో ఎస్3 అనే నిల్వ సేవను తెరిచి, 2010 నవంబరులో ఫైలును ముక్కలుగా పంపే వీలు కల్పించింది. ముక్కలు ఏ వరుసలో చేరినా పరవాలేదు, పోయిన ముక్కనే మళ్లీ పంపితే చాలు. ఒక ఫైలును పదివేల ముక్కల దాకా చేయవచ్చు. 2013లో మొదలైన ‘టస్’ అనే బహిరంగ ప్రమాణం ఇంకా తేలిక. కనెక్షన్ తెగాక ఫోన్ సర్వర్‌ను ఒక్క ప్రశ్న అడుగుతుంది: నా ఫైలులో నీ దగ్గరికి ఎంత చేరింది? ‘36 లక్షల బైట్లు’ అని జవాబొస్తే ఫోన్ ఆ తరవాతి బైటు నుంచి పంపుతుంది. విమియో వీడియో సంస్థ తన అప్‌లోడ్లకు దీన్నే వాడుతోంది. దీన్ని అమలుచేసే సర్వర్ ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. ఇదే ఆలోచనను వెబ్ మూల ప్రమాణంలో చేర్చే పని ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్‌లో సాగుతోంది. ఆపిల్ 2023లో ఐఓఎస్ 17తో ఆ ముసాయిదాకు తన ఫోన్లలో చోటిచ్చింది.

అప్‌లోడ్‌ను ఇలా విడదీయడం మన దగ్గర కుదరదనేవాళ్లు ఎనుమాముల మార్కెట్ యార్డులోకి ఒకసారి తొంగి చూడాలి. ఆసియాలోనే రెండో పెద్ద వ్యవసాయ మార్కెట్ అని పేరున్న యార్డు అది. శని, ఆదివారాల సెలవు తరవాత మిర్చి సీజన్‌లో సోమవారం వస్తే లారీలు, ట్రాలీలు, ఆటోలు రోడ్డు పొడవునా నిలుస్తాయి. అయినా బస్తాలన్నీ దిగి, కాంటా పూర్తయి, లెక్క తేలేదాకా ఒక్కో రైతునూ గేటు దగ్గర నిలబెట్టరు. గేటులో సరుకు వివరం రాసుకుంటారు. బస్తాలు నేరుగా అడ్తిదారు షెడ్డు ముందుకు పోతాయి. హమాలీలు దించి వరుస పెడతారు. జెండా పాటలో ధర పలుకుతుంది, ఖరీదుదారులు లాటు లాటుకూ చూసి పాడతారు, దడవాయిలు కాంటా వేస్తారు, చివరికి తక్‌పట్టీ చేతికొస్తుంది. గేటు దగ్గరుండే మనిషి బస్తా మొయ్యడు, బస్తా మోసే మనిషి ధర కట్టడు. ఎవరి పని వాళ్లదిగా ఉండబట్టే ఆ సోమవారాలు గడుస్తున్నాయి.

మన పోర్టళ్లు ఆ గేటు మనిషి చేతనే బస్తాలు మోయిస్తున్నాయి. 2016 ఏప్రిల్ 14న మొదలైన ఈ-నామ్ (జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ మార్కెట్) పథకం కూడా అదే యార్డులో తొలి విడతల్లోనే అడుగుపెట్టింది. గేటు ఎంట్రీ, లాటు, నాణ్యత పరీక్ష, బిడ్డింగు, కాంటా, చెల్లింపు అనే దశలను అందులోనూ విడివిడిగానే ఉంచారు. వ్యాపారం విషయంలో ఒప్పుకున్న నియమాన్ని ఫైలు విషయంలో ఒప్పుకోకపోవడానికి కారణం కనబడదు.

ఫైళ్ల భాషలో ఆ విభజన ఇలా ఉంటుంది. ఫోన్ ముందుగా అప్లికేషన్‌ను అడిగేది చిన్న అనుమతి మాత్రమే: ఈ దరఖాస్తుకు ఇంత సైజు ఫొటో పంపాలి. అప్లికేషన్ మనిషిని గుర్తించి, పదిహేను నిమిషాలు మాత్రమే చెల్లే సంతకంతో ఒక చిరునామా ఇస్తుంది. ఇది కొన్ని మిల్లీసెకన్ల పని. ఫోన్ ఆ చిరునామాకు, అంటే నిల్వ కోసమే ఉన్న వ్యవస్థకు, ఫైలును నేరుగా పంపుతుంది. మధ్యలో అప్లికేషన్ సర్వర్ ఉండదు. అంతా చేరాక నిల్వ వ్యవస్థ కబురు పెడుతుంది, అప్పుడు మిగతా పని వరుసలో పడుతుంది. వైరస్ తనిఖీ, చిన్న బొమ్మ తయారీ, పీడీఎఫ్‌గా మార్చడం వంటి బరువు పనులు మనిషిని తెర ముందు నిలబెట్టి చేయాల్సినవి కావు. అవి రాత్రి రెండింటికి జరిగినా రైతుకు నష్టం లేదు. ఆయనకు కావలసింది దరఖాస్తు అందిందన్న రసీదు.

సామర్థ్యం నిజంగా చాలని సందర్భాలు లేవా? ఉన్నాయి. డిస్కు నిండిపోవచ్చు, ఓటీపీ పంపే సంస్థ చేతులెత్తేయవచ్చు, డేటాబేసులో ఒక పట్టిక దగ్గర అందరూ ఇరుక్కోవచ్చు. వాటికి యంత్రాలు కావాలంటే కొనాల్సిందే, కానీ అన్ని కష్టాలూ డబ్బుతో తీరవు. అమెరికాలో 2013 అక్టోబరు 1న ఆరోగ్య బీమా కోసం తెరిచిన హెల్త్‌కేర్.గవ్ వెబ్‌సైటులో మొదటి రోజు నమోదు పూర్తి చేసుకోగలిగినవాళ్లు ఆరుగురని ఆ తరవాత బయటపడ్డ అధికారిక పత్రాలు చెప్పాయి. డబ్బుకు కొదవ లేని ప్రభుత్వం అది. పథకాల ధరలు ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్లను కూడా ముందు ఖాతా తెరవమని ఒకే ఇరుకు దారిలోకి తోలడం అక్కడి పెద్ద లోపాల్లో ఒకటి. దారి ఇరుకైనచోట యంత్రాల లెక్క పనికిరాదని ఒప్పుకోవడానికి అంతకన్నా ఖరీదైన రుజువు అక్కర్లేదు.

సర్వర్ పెంచలేనివాళ్లు రెండో మాట అందుకుంటారు: ఫైలు చిన్నది చేసుకొని రండి. ఫొటో 50 కేబీ లోపు, సంతకం 30 కేబీ లోపు, పత్రం 200 కేబీ లోపు. ఈ నిబంధనతో పని ఒకరి నెత్తి మీది నుంచి ఇంకొకరి నెత్తి మీదికి మారుతుందే తప్ప తగ్గదు. పాసుపుస్తకం పేజీని 100 కేబీకి నలిపితే సర్వే నంబరులో 3 ఏదో 8 ఏదో తెలియదు. పరిశీలించే ఉద్యోగి ‘పత్రం స్పష్టంగా లేదు’ అని తిరస్కరిస్తాడు. ఆ మనిషి మళ్లీ సెంటర్‌కు వస్తాడు, మళ్లీ డబ్బు కడతాడు, మళ్లీ అప్‌లోడ్ చేస్తాడు. సైజు తగ్గించడం తప్పు పని కాదు. తప్పల్లా దాన్ని రైతు మీద వదిలేయడంలో ఉంది. 4 ఎంబీ ఫొటోను, అక్షరాలు చదవగలిగేలా ఉంచుతూనే, 400 కేబీకి దించే పని ఫోన్‌లోని యాప్ గానీ బ్రౌజర్ గానీ పంపే ముందే సెకనులో చేయగలదు. అది రాసే బాధ్యత పోర్టల్ కట్టేవాళ్లది. వాళ్లు చేయాల్సిన పనికి ఇంటర్నెట్ సెంటర్‌లో రైతు రుసుము కడుతున్నాడు.

పల్లెల్లో నెట్ బాగుపడితే అన్నీ సర్దుకుంటాయన్నది ఇంకో ఓదార్పు. రాష్ట్ర ప్రభుత్వ టీ-ఫైబర్ రావాలి, 5జీ రావాలి, నిజమే. కానీ ఫోన్ పైకి పంపే దారి ఎప్పుడూ దింపుకునే దారికన్నా బలహీనమే. టవర్‌తో పోలిస్తే ఫోన్ ప్రసార శక్తి చాలా తక్కువ, మామూలు 4జీ ఫోన్‌లో గరిష్ఠంగా 200 మిల్లీవాట్లు. పంపడానికీ దింపుకోవడానికీ ఒకే ఫ్రీక్వెన్సీని వంతులవారీగా వాడే టీడీడీ బ్యాండ్లలో సమయంలో పెద్ద వాటా దింపుకోవడానికే కేటాయిస్తారు. యూట్యూబ్ బ్రహ్మాండంగా ఆడే ఫోన్‌లోనే ఫొటో పైకి పోకపోవడానికి కారణం ఇదే. వేలమంది ఒకేచోట చేరే మిర్చి సీజన్‌లో యార్డు దగ్గరి టవర్ల మీద పడే భారం సరేసరి. నెట్ మెరుగైనకొద్దీ ఫోన్ కెమెరాలు కూడా 12 మెగాపిక్సెళ్ల నుంచి 50కి పోతున్నాయి, ఫొటోల బరువూ పెరుగుతోంది. తెగిపోయే కనెక్షన్‌ను లెక్కలోకి తీసుకొని కట్టని పోర్టల్‌కు ఏ తరం నెట్ వచ్చినా ఇదే కథ.

ఖర్చు ఎక్కువ, పని క్లిష్టం, భద్రత పోతుంది అన్న అభ్యంతరాలకు కొంత బలం ఉంది కాబట్టి వాటికి జవాబు చెప్పాల్సిందే. పౌరుల పత్రాలు విదేశీ కంపెనీ చేతిలో పెట్టడమేమిటన్న ప్రశ్న న్యాయమైనది. కానీ ఇలాంటి నిల్వను సొంత డేటా సెంటర్‌లోనే నడుపుకోవచ్చు. సెఫ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎస్3 పద్ధతిలోనే పనిచేస్తుంది. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రం తన భారీ నిల్వల కోసం దాన్ని నడుపుతోంది. ముక్కలుగా పంపితే సగంలో వదిలేసిన ముక్కలు పేరుకుపోతాయి, ఇది నిజం. రెండు రోజులు కదలని ముక్కలను తుడిచేయమని ఒక నియమం పెట్టాలి. సంతకం చేసిన చిరునామా దొంగ చేతిలో పడితే? గడువు తక్కువ ఉంచాలి, ఒప్పుకున్న సైజు దాటితే నిల్వే తిరస్కరించేలా చేయాలి, వచ్చిన ఫైలు తనిఖీ అయ్యేదాకా ఎవరికీ కనబడని చోట ఉండాలి. ఫైలు పేరు చివర జేపీజీ అని ఉన్నంతమాత్రాన నమ్మకుండా మొదటి బైట్లు చూడాలి. అసలైన జేపెగ్ ఫైలు ఎఫ్ఎఫ్ డీ8 అనే గుర్తుతో మొదలవుతుంది. ఇవన్నీ ఎలాగూ చేయాల్సిన జాగ్రత్తలే. ఫైలు అప్లికేషన్ సర్వర్ గుండా వచ్చినా వీటిని తప్పించుకోలేరు.

ప్రతి ఫైలునూ ముక్కలు చేయమని కూడా ఎవరూ అనడం లేదు. 300 కేబీ ఫొటో ఒక్క విడతలో పోవడమే మేలు. ముక్కకో పలకరింపు పెడితే నెమ్మది నెట్‌లో ఆ పలకరింపులకే సమయం పోతుంది. ఎస్3లో చివరి ముక్క మినహా ఏ ముక్కయినా 5 ఎంబీకి తగ్గకూడదన్న నియమం ఉన్నదీ పెద్ద ఫైళ్లను తలచుకునే. టస్‌లోనైతే ఫైలును ముందుగా ముక్కలు చేయాల్సిన పనే లేదు, తెగినచోట నుంచి కొనసాగించడమే ఉంటుంది. చిన్న పత్రాలకూ బలహీనమైన సిగ్నల్‌కూ అది బాగా నప్పుతుంది.

నైపుణ్యం లేదన్న మాట మాత్రం వరంగల్‌లో నిలబడదు. 1959లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైన నిట్ ఈ ఊళ్లోనే ఉంది. మడికొండ ఐటీ పార్కులో టెక్ మహీంద్రా, సైయెంట్ 2020 జనవరిలో కేంద్రాలు తెరిచాయి. ఈ వ్యాసంలో చెప్పిన ఏ పద్ధతీ అక్కడ పనిచేసే యువతకు కొత్త కాదు. వాళ్లకు ఆ పని అప్పగించే టెండరు పత్రంలోనే లోపం ఉంది. ఎన్ని కోర్లు, ఎంత మెమొరీ, ఎన్ని సర్వర్లు అని అందులో అడుగుతారు. అర ఎంబీపీఎస్ వేగంతో, మధ్యలో రెండుసార్లు తెగే కనెక్షన్ మీద పదివేల మంది ఒకేసారి 4 ఎంబీ ఫొటో పంపితే ఎంతమందికి రసీదు అందుతుందని అడగరు. హైదరాబాద్‌లోని ఆఫీసు నెట్ మీద పరీక్షించి, పాసయిందని సంతకం పెడతారు. నెట్ వేగాన్ని కావాలని తగ్గించి, కావాలని తెంపి పరీక్షించే సాధనాలు లినక్స్‌లోనే ఉన్నాయి. ఆ ఒక్క షరతు టెండరులో చేరితే కంపెనీలు పద్ధతి మార్చుకోక తప్పదు.

గడువు సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే అన్యాయం పూర్తయ్యేది అక్కడే. తెలంగాణలో 2020 ఆగస్టు 31న ప్రకటించిన లేఔట్ల క్రమబద్ధీకరణ పథకానికి అక్టోబరు 31 దాకా గడువు ఇచ్చారు. సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. రెండు నెలల మీద సమంగా పరిస్తే రోజుకు నలభై వేలు, అంటే రెండు సెకన్లకు ఒక్కటి. ఒక మామూలు యంత్రం అలవోకగా మోసే భారం. కానీ జనం సమంగా రారు. ఎనుమాములకు సోమవారం వచ్చినట్టే పోర్టల్‌కు చివరి రోజున వస్తారు. దాన్ని జనం బద్ధకంగా కొట్టిపారేయడం అన్యాయం. డబ్బు సర్దుకోవడానికి, కాగితాలు దొరకబుచ్చుకోవడానికి, కట్టాలా వద్దా అని తేల్చుకోవడానికి సమయం పడుతుంది. గడువు ఇచ్చేదే అందుకు.

చివరి రోజు తాకిడిని విడగొట్టవచ్చని కేంద్ర ఆర్థిక శాఖే చూపించింది. జీఎస్టీ నెలవారీ రిటర్నులకు అందరికీ 20వ తేదీ గడువు కావడంతో పోర్టల్ మొరాయిస్తుంటే, 2020 జనవరిలో ఆ గడువును 20, 22, 24 తేదీలుగా చీల్చింది. ఏడాదికి 5 కోట్లకు మించి టర్నోవర్ ఉన్నవాళ్లకు 20, మిగతావాళ్లకు రాష్ట్రాన్నిబట్టి 22 లేదా 24. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చిన్న వ్యాపారులకు 22 వచ్చింది. కొత్త యంత్రాలు కొనకుండానే తాకిడి మూడు రోజుల మీద పడింది. ఈ సౌకర్యం పన్ను కట్టే వ్యాపారికి దక్కిందే గానీ పథకానికి దరఖాస్తు చేసుకునే కూలీకి దక్కలేదు.

రైతు వైపు చూస్తే అవసరం ఇంకా పెరుగుతోంది. 2025 సీజన్ నుంచి భారత పత్తి సంస్థ (సీసీఐ)కి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో నమోదై స్లాట్ బుక్ చేసుకోవాలి. 2025-26 సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు; ఆ పథకం కింద సీసీఐ కొనాలంటే పత్తిలో తేమ 12 శాతం దాటకపోవడం ఒక షరతయితే, ఫోన్‌లో ఆ దశలన్నీ దాటడం ఇంకో షరతయింది. ఇందిరమ్మ ఇళ్ల బిల్లులు కూడా నిర్మాణం దశలవారీ ఫొటోలు యాప్‌లో ఎక్కాకే కదులుతాయి. ఫొటో ఎక్కకపోతే డబ్బు రాదు. అలాంటప్పుడు ఫొటోను అందుకునే పద్ధతిని ఎవరో సాంకేతిక సిబ్బంది చూసుకునే చిన్న విషయమని పక్కన పెట్టడానికి వీల్లేదు.

దరఖాస్తు ఎప్పుడు అందినట్టు అన్న ప్రశ్నకు ఇప్పుడు చాలా పోర్టళ్లు ఇచ్చే జవాబు: చివరి పత్రంలోని చివరి బైటు చేరినప్పుడు. రాత్రి 11:40కి ఫారం నింపి, ఓటీపీ కొట్టి, నాలుగు పత్రాల్లో మూడు పంపిన మనిషికి నాలుగోది 12:02కి చేరితే ఆయన దరఖాస్తే చేయనట్టు. ముక్కల పద్ధతిలో ఈ పరిస్థితి రానక్కర్లేదు. ఫారం అందిన క్షణంలోనే నంబరు ఇచ్చి, పంపబోయే ప్రతి ఫైలు సైజునూ, దాని షా-256 చెక్‌సమ్ అనే గుర్తింపు అంకెనూ అప్పుడే నమోదు చేసుకోవచ్చు. ఆ తరవాత 48 గంటల్లో అదే గుర్తింపు అంకె ఉన్న ఫైలే చేరితే దరఖాస్తు సమయం 11:40గానే నిలుస్తుంది. గడువు దాటాక పత్రం మార్చే వీలు ఉండదు, ఎందుకంటే ఒక్క చుక్క మారినా ఆ అంకె మారిపోతుంది. జీవోలో ఇందుకు ఒక పేరా చేర్చాలి, పోర్టల్‌లో కొద్దిరోజుల పని చేయాలి. వచ్చే పత్తి సీజన్ నమోదులు మొదలయ్యేలోపు ఈ రెండూ చేయడానికి ఏ శాఖకైనా వ్యవధి ఉంది.